ముందుగా అడగవలసిన ప్రశ్న

 ప్రతి వారము ఒక వాక్యభాగమును తీసుకొని ధ్యానించుకుంటున్నాము. ఈ వారము ఒక చరిత్రను మీ ముందు ఉంచాలని ఆశపడుతున్నాను. వినడానికి బరువైన చరిత్ర ఇది. అయినా మన ఇండ్లకు, మన సంఘాలకు సంబంధించినది గనుక దయచేసి చివరివరకు ఓపికతో వినండి.

చాలా సంవత్సరాల క్రిందట నేను వనపర్తి చుట్టుపట్ల గ్రామ సంఘాలను దర్శిస్తూ తిరిగేవాడిని. ఒక సాయంకాలము కూడిక ముగిసిన తర్వాత ఒక సహోదరుడు నన్ను బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. పల్లి పంట వరుసగా రెండేండ్లు ఎండిపోయింది. బోరు కోసము తెచ్చిన అప్పు మిత్తితో పెరిగిపోయింది. దారిలో ఆయన, "అయ్యగారూ, నేనున్నా లేకున్నా మా పిల్లలను జర చూసుకోండ్రి" అన్నాడు. నేను ఆయన భుజము మీద చెయ్యి వేసి, "అట్లనొద్దన్నా, దేవుడున్నాడు" అని చెప్పి, నిలుచున్న చోటనే రెండు మాటలు ప్రార్థన చేసి బస్సెక్కాను. పది దినాలు గడవకముందే కబురు వచ్చింది. ఆయన తన ప్రాణము తానే తీసుకున్నాడు.

ఆ రాత్రి సంఘ పెద్దలమంతా కూర్చున్నాము. పెట్టెను గుడిలోనికి తేవచ్చునా? గంట కొట్టవచ్చునా? సంఘపు సమాధుల తోటలో చోటు ఇవ్వవచ్చునా? మూడు గంటలు తర్కించుకున్నాము. చివరికి చోటు ఇచ్చాము గాని గంట కొట్టలేదు. ఆయన భార్య బయట అరుగు మీద కూర్చుని మా మాటలన్నీ వింటూనే ఉంది. కొన్ని నెలల తర్వాత ఆమె నాతో, "అయ్యగారూ, బతికున్నప్పుడు గిట్ల అందరు కూసుంటే బాగుండు" అన్నది. ఆ మాట ఈ దినము వరకు నన్ను విడువలేదు. ఆయన చనిపోయిన తర్వాత మేము మూడు గంటలు ఇచ్చాము. బ్రతికి ఉన్నప్పుడు నేను ఇచ్చినది రెండు నిమిషాలు.

ఆ రాత్రి మేము వేసుకున్న ప్రశ్నలు మాతో మొదలైనవి కావు. వాటి వెనుక వందల సంవత్సరాల చరిత్ర ఉన్నది. సంఘము, న్యాయస్థానము, ప్రభుత్వము, అందరూ ప్రశ్నలు అడిగారు. దాదాపు అన్నీ మరణము తర్వాత అడిగినవే.

సంఘము అడిగిన ప్రశ్న

5వ శతాబ్దపు ఆరంభములో అగస్టీను భక్తుడు తన గొప్ప గ్రంథమైన 'దేవుని పట్టణము'లో ఈ విషయమును గూర్చి వ్రాశాడు. నరహత్యను నిషేధించే ఆజ్ఞ తన ప్రాణము తాను తీసుకోవడానికి కూడ వర్తిస్తుందని ఆయన బోధించాడు. జీవము దేవునిది అన్న ఆ బోధను మనమూ నమ్ముతున్నాము. అయితే తరువాత వచ్చినవారు ఆ బోధను శవము మీద అమలుపరచారు. 6వ శతాబ్దములో బ్రాగా నగరములో కూడిన సంఘ పెద్దల సభ, ఇలా చనిపోయినవారికి సమాధి కార్యక్రమపు కీర్తనలు, ప్రార్థనలు ఉండరాదని నిర్ణయించింది. ఇంగ్లండులో అయితే అలాంటివారిని నాలుగు దారులు కలిసే చోట పాతిపెట్టే ఆచారముండేది. 1823లో ఒక చట్టము దానిని మాన్పించింది. అప్పుడు కూడ రాత్రి 9 గంటల నుండి అర్ధరాత్రి లోపల, ప్రార్థన లేకుండా పాతిపెట్టాలని నియమము పెట్టారు. ఆ రాత్రివేళ నియమము 1882 వరకు తొలగలేదు.

మరి బైబిలు ఏమి చూపిస్తున్నది? మొదటి సమూయేలు చివరి అధ్యాయము చదవండి. సౌలు తన కత్తిమీద తానే పడి చనిపోయాడు. యాబేష్గిలాదువారు ఆ సంగతి విని రాత్రంతా నడిచివెళ్లి ఆయన శవమును తెచ్చి, ఎముకలను పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసమున్నారు. దావీదు ఆయనకోసము విలపించాడు. రెండవ సమూయేలు 17వ అధ్యాయములో అహీతోపెలు ఉన్నాడు. తన ఆలోచనను ఎవరూ అంగీకరించలేదని ఇంటికి వెళ్లి, ఇల్లు చక్కబెట్టుకొని, ప్రాణము తీసుకున్నాడు. అతనిని తన తండ్రి సమాధిలోనే పాతిపెట్టారు. చోటు ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఆ లేఖనములో మనకు కనబడదు. మా మూడు గంటల తర్కమునకు జవాబు మా చేతిలోని గ్రంథములోనే ఉన్నది. మేము చూడలేదు.

ఇంకొక సంగతి గమనించండి. అహీతోపెలు ముందుగా ఇల్లు చక్కబెట్టుకున్నాడు. మా సహోదరుడు పిల్లలను నాకు అప్పగించాడు. అది ఒక గురుతు. నేను దానిని విన్నాను గాని గ్రహించలేదు.

చట్టము అడిగిన ప్రశ్న

ఆంగ్లేయులు 1860లో భారత శిక్షాస్మృతిని తయారుచేశారు. దానిలోని 309వ సెక్షను ప్రకారము ప్రాణము తీసుకోవడానికి ప్రయత్నించి బ్రతికినవానికి ఒక సంవత్సరము వరకు జైలు శిక్ష గాని, జరిమానా గాని విధించే వీలుండేది. ఆంగ్లేయులు తమ దేశములో అలాంటి నేరమును 1961లోనే తీసివేశారు. మన దేశములో మాత్రము అది కొనసాగింది. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లదని తీర్పు ఇచ్చింది. 1996లో మరొక ధర్మాసనము అది చెల్లుతుందని చెప్పింది. దానివలన కలిగిన ఫలితము మన ఊళ్లలో అందరికీ తెలుసు. కేసవుతుందని భయపడి ఇంటివారు ఆసుపత్రికి తీసుకుపోవడము ఆలస్యము చేసేవారు. తీసుకుపోయినా పొరపాటున జరిగిందని చెప్పేవారు. నిజము చెప్పనందువలన బాధపడుతున్న ఆ మనస్సుకు వైద్యము అందేది కాదు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చి, 2018 మే నెలలో అమలైంది. దాని 115వ సెక్షను ప్రకారము, ప్రాణము తీసుకోబోయినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడని భావించాలి, అతనిపై విచారణ జరిపి శిక్షించకూడదు, అతనికి వైద్యము, సంరక్షణ అందించడము ప్రభుత్వపు బాధ్యత. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. ఒక అధికారిని తన విధి చేయకుండ బలవంతపెట్టడానికి అలా ప్రయత్నిస్తే మాత్రము అది నేరముగా మిగిలింది. కనుక ప్రియులారా, మీ ఇంటిలో అలాంటి ఆపద కలిగితే కేసు భయముతో ఒక్క నిమిషము కూడ ఆలస్యము చేయవద్దు. 108కు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. డాక్టరుగారికి జరిగినది జరిగినట్లు చెప్పండి.

ప్రభుత్వము అడిగిన ప్రశ్న

మన పాలమూరు సంగతికి వద్దాము. వలసకు పేరుపడిన ప్రాంతము మనది. 1997, 98 సంవత్సరాలలో వరంగల్లు పత్తి రైతుల మరణాలు దేశమును కదిలించాయి. ఆ తర్వాత మన జిల్లాలో కూడ కరువు, ఎండిన బోర్లు, ప్రైవేటు అప్పులు ఎన్నో ఇండ్లను కూల్చాయి. 2004 జూన్ 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 421వ జీవోను ఇచ్చింది. ప్రాణము తీసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సహాయము, అప్పుల పరిష్కారానికి 50 వేల రూపాయలు ప్రకటించింది. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి కలిసి విచారించి, అది నిజముగా వ్యవసాయపు అప్పులవలన కలిగిన మరణమేనని తేల్చాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వము ఆ సహాయమును 6 లక్షలకు పెంచింది. 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. ఏ కారణముచేత రైతు చనిపోయినా 5 లక్షలు ఇచ్చే పథకమిది. అయితే పట్టా లేని కౌలురైతు ఇల్లు దాని బయటనే ఉండిపోయింది.

ఈ సహాయములు అవసరమే. విధవరాలిని, తండ్రిలేని పిల్లలను ఆదుకోవడము దేవుడు మెచ్చే పని. కాని ముగ్గురు అధికారులు కాగితాలు పట్టుకొని, "ఇతడు నిజముగా కష్టములో ఉన్నాడా?" అని అడిగినప్పుడు జవాబు చెప్పవలసినవాడు అప్పటికే లేడు. అదే ప్రశ్న ఆరు నెలల ముందు ఒక్క మనిషి అడిగి ఉంటే?

2010లో ఇంకొక పాఠము నేర్చుకున్నాము. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడిని తట్టుకోలేక కొందరు, ముఖ్యముగా స్త్రీలు, చనిపోయారన్న వార్తలు వరుసగా వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, ఆ వసూళ్ల పద్ధతిని కట్టడి చేసింది. గ్రూపు లోను కట్టలేని ఒక సహోదరి ఇంటిముందు మిగిలిన సభ్యులు కూర్చొని అవమానపరచిన సంగతులు మనము విన్నాము. వారిలో సంఘ సభ్యులు ఎవరైనా ఉన్నారేమో మనలను మనము పరీక్షించుకుందాము.

రైతులు మాత్రమే అనుకోవద్దు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశములో 1,70,924 మంది ఇలా చనిపోయారు. వారిలో నాలుగింట ఒక వంతుకు పైగా రోజుకూలీలు. దేశములో ప్రతి లక్షమందికి 12 మంది అయితే, తెలంగాణలో 26 మంది. దేశపు సగటుకు రెండింతలన్నమాట. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియట్ ఫలితాల తర్వాత ఇరవైమంది వరకు పిల్లలు చనిపోయినట్లు పత్రికలలో చదివి మనమంతా ఏడ్చాము. ఏ ఒక్క మరణమునకూ ఒకే కారణము ఉండదు. అప్పు, త్రాగుడు, కుటుంబ కలహము, దీర్ఘ రోగము, పైకి కనబడని మనోవ్యాధి, ఇవన్నీ ముడిపడి ఉంటాయి. అందుకే ఒక మార్కుల జాబితాను, ఒక అప్పు పత్రమును చూపించి ఇదే కారణమని తీర్పు చెప్పవద్దు.

ముందుగా అడిగినవారు

ఇప్పుడు ఈ చరిత్రలో వేరొక దారి తెరిచినవారిని చూద్దాము. ఆశ్చర్యమేమంటే వారిలో మొదటివారు కొందరు మనవంటి సంఘకాపరులే.

1906లో న్యూయార్కు నగరములో హారీ వారెన్ అనే బాప్టిస్టు బోధకుడు ఉండేవాడు. ఒక హోటలులో దిగిన ఒక యువతి ఒక రాత్రి బోధకుని చూడాలని కోరింది. ఆయన అందుబాటులో లేడు. మరునాటికి ఆమె ప్రాణాపాయ స్థితిలో ఉన్నది. తనతో మాట్లాడేవారు ఒకరు దొరికి ఉంటే ఈ పని చేసేదానిని కానని ఆమె చెప్పిందట. ఆయన ఆ మాటను మోసుకొని, నిరాశలో ఉన్నవారు వచ్చి మాట్లాడుకోవడానికి ఒక సంఘమును స్థాపించాడు.

1935లో ఇంగ్లండులో చాడ్ వారా అనే యౌవన పాదిరిగారు నడిపించిన తొలి సమాధి కార్యక్రమాలలో ఒకటి పదమూడు పద్నాలుగేండ్ల అమ్మాయిది. తాను పెద్దమనిషి అవుతున్న సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తనకు ఏదో ఘోరమైన రోగము వచ్చిందని భయపడి ప్రాణము తీసుకున్నది. అడగడానికి ఒక్క మనిషి ఉంటే ఆ బిడ్డ బ్రతికేది గదా అని ఆయన కుమిలిపోయాడు. 18 సంవత్సరాల తర్వాత, 1953 నవంబరు 2న, లండనులోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ గుడిలో ఒక టెలిఫోను పెట్టి, బ్రతకాలని లేనివారు నాకు ఫోను చేయండి అని ప్రకటించాడు.

ఆ తర్వాత జరిగినది చాలా ముఖ్యము. ఫోనులు పెరిగాయి, మనుష్యులు వరుసగా రావడము మొదలైంది. పాదిరిగారి దగ్గర తమ వంతు వచ్చేవరకు కూర్చున్నవారికి టీ ఇచ్చి మాట్లాడడానికి సంఘములోని సాధారణ విశ్వాసులు వచ్చారు. కొద్ది కాలానికి ఆయన ఒక సంగతి గమనించాడు. ఆ టీ ఇచ్చిన మనిషితో మాట్లాడుకున్న చాలామందికి తనను చూడవలసిన అవసరమే లేకపోయింది! 1954 ఫిబ్రవరిలో ఆయన ఆ వినే పనిని వారికే అప్పగించాడు. సమరయులు అనే పేరుతో ఆ సేవ దేశదేశాలకు వ్యాపించింది. ప్రసంగము చేయగలవారికంటె ఓపికతో వినగలవారు ఎక్కువమందిని కాపాడారు. బోధకులమైన మాకు ఇది వినడానికి కొంచెము కష్టమే. కాని సత్యము.

మన పొరుగున చెన్నైలో 1986లో మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ గారు 'స్నేహ' సంస్థను ప్రారంభించారు. తొంభైలలో హైదరాబాదులో 'రోష్ని' వచ్చింది. 2017లో వికారాబాదు జిల్లాలో 'కిసాన్ మిత్ర' అనే రైతుల సహాయ ఫోను మొదలైంది. పాసుబుక్కు రాలేదని, బ్యాంకు లోను ఇవ్వలేదని రైతు ఫోను చేస్తే, ఓదార్పుతో సరిపెట్టకుండ ఆ సమస్య ఏ ఆఫీసులో ఆగిందో అక్కడికి చేర్చి పరిష్కారమయ్యేవరకు వెంటపడతారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము 'టెలీ మానస్' సేవను ప్రారంభించింది. 14416 అనే నంబరుకు పగలైనా రాత్రియైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దయచేసి ఈ నంబరును మీ బైబిలు మొదటి పేజీలో వ్రాసుకోండి.

ఎలా అడగాలి?

మనలో చాలామందికి ఒక భయమున్నది. "అట్లాంటి మాట మనమే అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందేమో" అని. పరిశోధకులు దీనిని అనేక మార్లు పరీక్షించి చూశారు. అడగడమువలన ఆ ఆలోచన పుట్టదని, పెరగదని తేలింది. చాలామందికి బరువు దిగినట్లు ఉంటుంది.

కనుక గురుతులు కనబడినప్పుడు అడగండి. ఏ గురుతులు? నేనుంటే అందరికీ బరువు అనడము. పిల్లలను, పశువులను ఇతరులకు అప్పగించడము. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడము. నిద్ర, తిండి మానుకోవడము. త్రాగుడు ఎక్కువ కావడము. కూడికలకు రాకుండ ఒంటరిగా ఉండడము. ఎంతో కలవరపడిన మనిషి ఒక్కసారిగా నిమ్మళముగా కనబడడము. లోగడ ఒకసారి ప్రయత్నించి బ్రతికినవారిని మరి ఎక్కువగా కనిపెట్టి ఉండండి.

నలుగురిలో కాక ఒంటరిగా, తొందర లేకుండ కూర్చొని అడగండి. "అన్నా, నీ మాటలు విని నాకు దిగులుగా ఉంది. సచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా అడగండి. అవునంటే ఉలిక్కిపడవద్దు, గద్దించవద్దు. "ఎట్ల చేయాలని ఏమన్న అనుకున్నవా? ఎప్పుడని అనుకున్నవా? దానికి కావలసినది దగ్గర పెట్టుకున్నవా?" అని మెల్లగా అడగండి. ఆలోచన ఉండి, ఉపాయము, సమయము కూడ నిర్ణయించుకొని, సాధనము చేతికి అందుబాటులో ఉంటే అది ఈ గడియ ఆపద. ఆ మనిషిని ఒక్క నిమిషము కూడ ఒంటరిగా విడువవద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. నమ్మకమైన ఇంటివారిని పిలవండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి.

ఉపాయమేమీ లేదని చెప్పినా, "అయితే ఫరవాలేదు" అని లేచి రావద్దు. మార్కులు వేసి ఎవరు బ్రతుకుతారో ఎవరు చనిపోతారో ముందుగా చెప్పగల జాబితా ఏదీ లేదు. ఇంగ్లండు వైద్యులకు 2022లో ఇచ్చిన మార్గదర్శకములు కూడ, అలాంటి లెక్కలమీద ఆధారపడవద్దని, ఆ మనిషికి ఏమి అవసరమో అడిగి తెలుసుకొమ్మని చెప్పాయి. రేపు మళ్లీ వస్తానని చెప్పండి. చెప్పిన ప్రకారము వెళ్లండి.

సాధనమును దూరము చేయడము గూర్చి ఒక మాట. చనిపోవాలన్న ఉధృతి చాలామందిలో కొన్ని గంటలు, కొన్ని నిమిషాలు మాత్రమే ఉంటుంది. ఆ గడియ దాటితే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో 1995 నుండి అతి ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధిస్తూ వచ్చారు. పది సంవత్సరాలలో ఆ దేశపు మరణాల రేటు సగానికి తగ్గింది. లెక్కవేస్తే సుమారు 20 వేల ప్రాణాలు. తమిళనాడులోని కడలూరు జిల్లాలో రెండు గ్రామాలలో రైతులు తమ మందు డబ్బాలను ఇండ్లలో ఉంచుకోకుండ, ఊరికి ఒకచోట తాళమువేసిన పెట్టెలలో దాచుకునే ఏర్పాటు చేసి చూశారు. పోల్చి చూసిన ఇతర గ్రామాలకంటె అక్కడ ఆ మరణాలు ఎక్కువగా తగ్గాయి. పత్తి, పల్లి, మిరప వేసే మన ఊళ్లలో ఈ ఏర్పాటును గూర్చి సంఘ పెద్దలు, గ్రామ పెద్దలు కలిసి ఆలోచించకూడదా?

తొమ్మిది దర్శనాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో ఒక పరిశోధన జరిపించింది. వాటిలో మన చెన్నై కూడ ఒక స్థలము. ప్రాణము తీసుకోబోయి ఆసుపత్రిలో బ్రతికిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యము ఇచ్చి పంపారు. రెండవ భాగానికి, మామూలు వైద్యముతోపాటు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడి, ఆ తర్వాత 18 నెలలలో తొమ్మిది మార్లు ఫోను చేసి గాని ఇంటికి వెళ్లి గాని ఎలా ఉన్నావని అడిగారు. 2008లో ఫలితాలు ప్రకటించారు. మొదటి భాగములో ప్రతి వెయ్యిమందిలో 22 మంది మళ్లీ ప్రయత్నించి చనిపోయారు. రెండవ భాగములో వెయ్యికి ఇద్దరు.

తొమ్మిది దర్శనాలు! గృహ దర్శనము మనకు కొత్త పనియా? బిడ్డ పుడితే వెళ్తాము, ఇల్లు కడితే వెళ్తాము, చందా కోసమూ వెళ్తాము. ఆసుపత్రి నుండి సిగ్గుతో తలవంచుకొని ఇంటికి వచ్చిన ఆ సహోదరి గుమ్మము మాత్రము తొక్కము. స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు ఆ తొమ్మిది దర్శనాలను పంచుకుంటే ఎంత మేలు! అమెరికాలో జెరోమ్ మోట్టో అనే వైద్యుడు, ఆసుపత్రి విడిచి మళ్లీ వైద్యానికి రామన్నవారిలో కొందరికి చిన్న ఉత్తరాలు పంపించాడు. ఎలా ఉన్నారు, మిమ్మును తలంచుకుంటున్నాము అని రెండు మూడు వాక్యాలే. మొదటి రెండు సంవత్సరాలలో ఆ ఉత్తరాలు అందుకున్నవారిలో మరణాలు తక్కువ. ఒక కార్డు ముక్క!

ఇంకొక మనవి. ప్రార్థన చేయండి, ఎడతెగక చేయండి. అయితే డాక్టరుగారు ఇచ్చిన మాత్రలను మానిపించవద్దు. దయ్యము పట్టిందని, విశ్వాసము లేదని నిందించవద్దు. చక్కెర వ్యాధికి మందు వాడే విశ్వాసి అవిశ్వాసి కానట్లే మనోవ్యాధికి మందు వాడేవాడూ కాడు. ఏలీయా సంగతి తలంచుకోండి. బదరీ వృక్షము క్రింద చావు కోరుకున్న ఆ ప్రవక్తను దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. రొట్టె, నీళ్లు పంపించాడు, రెండవసారి కూడ పంపించాడు. తర్వాత ఇక్కడ నీకేమి పని అని అడిగి, అతడు చెప్పినదంతా విన్నాడు. చివరికి ఎలీషా అనే తోడు ఇచ్చాడు. విశ్రాంతి, ఆహారము, ప్రశ్న, తోడు. ఇంతకంటె మంచి క్రమము ఏ వైద్యుడు చెప్పగలడు?

చెరసాలలో ఒక కేక

చివరిగా అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము జ్ఞాపకము చేసుకుందాము. ఫిలిప్పీ చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకొని నాయకుడు కత్తి దూశాడు. అవమానము, శిక్ష తప్పవని అతని భయము. ఆ చీకటిలో పౌలు గట్టిగా కేకవేసి, హాని చేసుకోవద్దని, తామందరూ అక్కడనే ఉన్నామని చెప్పాడు. బోధ, బాప్తిస్మము, సంతోషము, అన్నీ ఆ తర్వాతనే వచ్చాయి. ముందు వచ్చినది ఒక్క కేక. తన్ను బంధించినవాని కోసము, గాయాలతో ఉన్న ఒక ఖైదీ వేసిన కేక అది.

ఈ వర్తమానము వింటున్నవారిలో, చదువుచున్నవారిలో, ఇక చాలు అనుకుంటున్న సహోదరుడా, సహోదరీ, బిడ్డా, నీవు ఎక్కడ ఉన్నావో నాకు తెలియదు. అప్పుకు దారి ఉంటుంది, పరీక్ష మళ్లీ వస్తుంది, రోగానికి మందు ఉంటుంది. ఇవేవీ ఈ గడియలో నీకు నమ్మశక్యముగా ఉండకపోవచ్చు. నమ్మకపోయినా ఫరవాలేదు. ఈ రాత్రి ఒంటరిగా ఉండవద్దు. పక్కింటి తలుపు తట్టు. పాస్టరుగారిని నిద్రలేపు. 14416కు ఫోను చెయ్యి. నాకు బ్రతకాలని లేదు అని ఆ మాటనే చెప్పు.

సంఘమా, నేను ఆ సాయంకాలము బస్సు తప్పిపోతుందని తొందరపడ్డాను. ఆ ఊరికి మరునాడు కూడ బస్సు ఉండేది. మీరు తొందరపడవద్దు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తర్వాత, కొన్ని వారాలుగా కనబడని ఒక్క మనిషిని తలంచుకొని ఆ ఇంటికి వెళ్లండి. కూర్చోండి. అడగండి. వినండి.

ప్రార్థన చేసుకుందాము. విరిగిన హృదయములకు సమీపముగా ఉన్న తండ్రీ, మేము వినకుండ విడిచిన మాటలను క్షమించుము. ఈ రాత్రి చీకటిలో ఉన్న మా సహోదరునికి, సహోదరికి ఒక మనిషిని పంపుము. ఆ మనిషి మేమే అయితే, వెళ్లడానికి మమ్మును లేపుము. తమవారిని ఇలా పోగొట్టుకున్న ఇండ్లను మా మాటలచేత మళ్లీ గాయపరచకుండ మా నోటికి కావలియుండుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.